కోరంగి నుంచి రంగం దాకా – ఒక పెన్షనరు యాత్ర

పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరినప్పుడు మొదట తప్పించుకోజూశాను. ముప్ఫయ్యేడేళ్ళ సర్వీసులో "తగు ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది" అని రాయడమే తప్ప వ్యాసాలు రాసిన చెయ్యి కాదు ఇది. అయితే 2018 జనవరిలో మనవాళ్ళం పద్ధెనిమిది మందిమి కలిసి బర్మా వెళ్ళివచ్చిన సంగతి చాలామందికి తెలుసు. దాన్ని గురించి రాయమని మిత్రులు పట్టుపట్టారు. నాకిప్పుడు డెబ్భై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు రాయకపోతే ఇంకెప్పుడు రాస్తాననిపించి కలం పట్టాను. తప్పులుంటే పెద్దమనసుతో మన్నించగలరు.

"అందరూ సింగపూరు, బ్యాంకాకు వెళుతుంటే మీకు బర్మా ఎందుకండీ?" అని చాలామంది అడిగారు. మా బృందంలో కొందరు బుద్ధుడి ఆలయాలు చూడాలని వచ్చారు. కొందరు ఖర్చు తక్కువని వచ్చారు. నా కారణం వేరు. అది మా ఇంటి అటకమీద ఉన్న ఒక రేకు పెట్టె.

ఇంటిలోని రంగం

మా ఊరు తాళ్ళరేవుకు దగ్గర. మా చిన్నప్పుడు పెద్దవాళ్ళెవరూ రంగూన్ అనేవారు కారు, 'రంగం' అనేవారు. "వాడు రంగం పోయాడు", "రంగం డబ్బు", "రంగం పెట్టె", ఇలా ఉండేది మాట. గోదావరి జిల్లాలలో పాత ఇళ్ళకు బర్మా టేకు ద్వారబంధాలూ, దూలాలూ మీరూ చూసే ఉంటారు. రంగూన్ రౌడీ అనే నాటకం ఊరూరా ఆడేవారు. ఆ ఊరు చూడనివారికి కూడా ఆ పేరు పొరుగూరి పేరంత పరిచయం.

మా తాతగారి తమ్ముడు, మాకు చిన్నతాత, అప్పులకింద రెండెకరాలూ పోయాక 1921లో కాకినాడలో ఓడ ఎక్కి రంగం వెళ్ళాడు. 1927లో ఒకసారి, 1934లో ఒకసారి వచ్చి వెళ్ళాడు. రెండోసారి వచ్చినప్పుడు తెచ్చినదే ఆ రేకు పెట్టె. నెలకో, రెండు నెలలకో మనియార్డరు వచ్చేది. ఆఖరిది 1941 దసరాకు ముందు పదిహేను రూపాయలు. ఆ తరువాత మనియార్డరు లేదు, ఉత్తరం లేదు, మనిషీ లేడు.

మా చిన్నమామ్మ 1972లో పోయింది. ముప్ఫయ్యేళ్ళు ఆమె నుదుట బొట్టు తీయలేదు. "పోయాడని ఎవరైనా చూశారా?" అనేది. చూసినవారు లేరు గనుక ఆమె మాటకు ఎవరి దగ్గరా సమాధానం ఉండేది కాదు. కర్మ చేయాలా వద్దా అని మా నాన్నగారు పురోహితుణ్ణి రెండు మూడుసార్లు అడిగారు. ఆమె ఒప్పుకోనందున ఆ మాట అక్కడితో ఆగిపోయేది.

కోరంగి సంగతి

ఇక చరిత్రకు వస్తాను. గౌతమి సముద్రంలో కలిసే చోట యానాం పక్కన ఉన్న కోరంగి ఈనాడు మడ అడవులకూ, పిట్టలకూ ప్రసిద్ధి. పద్ధెనిమిదో శతాబ్దంలో అది ఓడలు కట్టే రేవు, ఓడలకు మరమ్మతులు చేసే రేవు. పక్కనే యానాంలో ఫ్రెంచివారు, ఇంజరంలో ఇంగ్లీషువారు వర్తకం చేసేవారు. మా తాళ్ళరేవు వడ్రంగులు కొయ్య ఓడలు కట్టడంలో చేయితిరిగినవారు.

1789 డిసెంబరులో ఒక ఉప్పెన కోరంగిని ముంచెత్తింది. మళ్ళీ 1839 నవంబరులో వచ్చిన ఉప్పెనతో ఊరు కోలుకోలేదు. కలకత్తాలో ఉండిన హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన ఇలాంటి తుపానులను లెక్కగట్టి అధ్యయనం చేసి, 1848లో అచ్చయిన తన పుస్తకంలో 'సైక్లోన్' అనే మాటను తయారుచేశాడు. ఆయన పరిశీలించినవాటిలో మన కోరంగి తుపాను కూడా ఉంది. ఉప్పెనలకు తోడు గోదావరి తెచ్చే ఒండ్రు రేవును పూడ్చేసింది. ఓడలు కాకినాడకు మళ్ళాయి.

రేవు పోయినా పేరు మాత్రం పోలేదు. మొదట్లో బర్మాకు వెళ్ళిన తెలుగువారు కోరంగి ఓడల్లో దిగినందువల్ల అక్కడ తెలుగువారందరికీ 'కోరంగీలు' అని పేరు పడింది. శ్రీకాకుళంవాడైనా, విశాఖపట్నంవాడైనా, నరసాపురంవాడైనా అక్కడ కోరంగీయే. ఇంగ్లీషు దొరల నివేదికలలోనూ అదే మాట కనిపిస్తుంది.

ఇంగ్లీషువారు బర్మాను మూడు యుద్ధాలలో మింగారు. 1826 యాందబో సంధితో అరకాను, తెనాసెరిం, 1852లో రంగూనుతో సహా దిగువ బర్మా, 1885లో మాండలే. మన దవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అంటే కాటన్ దొర మన డెల్టాకు నీరు పెట్టిన సంవత్సరమే కుంపిణీవారు ఐరావతి డెల్టాను పట్టారన్నమాట. 1869లో సూయజు కాలువ తెరిచాక ఐరావతి బియ్యానికి ఐరోపాలో గిరాకీ పెరిగింది. అడవులు కొట్టి పొలాలు చేశారు బర్మా రైతులు. ఆ ధాన్యాన్ని మరపట్టడానికి, బస్తాలు మోయడానికి, ఓడలకు ఎత్తడానికి మనుషులు కావాలి. ఆ మనుషులు గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళారు.

వారిని తీసుకువెళ్ళినవారు మేస్త్రీలు. మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి అప్పున్నవాడికి అడ్వాన్సు ఇచ్చేవాడు. ఓడ టిక్కెట్టు తనే కొనేవాడు. అక్కడ జీతంలో కోత కోసుకునేవాడు. బ్రిటిష్ ఇండియా స్టీం నావిగేషన్ కంపెనీ ఓడలు కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం రేవులలో జనాన్ని ఎక్కించుకునేవి. మనవాళ్ళది డెక్కు ప్రయాణం, అంటే ఎండకూ వానకూ పైతట్టున. అక్కడ దిగాక రేవుకూలీ, రైసుమిల్లుకూలీ, రిక్షా లాగడం, పాకీ పని. బర్మా అప్పుడు ఇండియాలో ఒక రాష్ట్రం. 1937 ఏప్రిల్ 1న విడిపోయేదాకా అక్కడికి వెళ్ళడానికి పాస్‌పోర్టు అవసరం లేదు. 1931 జనాభా లెక్కలనాటికి బర్మాలో భారతీయులు పది లక్షలకు పైగా ఉన్నారు. రంగూను పట్టణంలోనైతే సగానికి పైగా మనవారే.

మేము చూసిన రంగం

మా చిన్నతాత ఓడలో రోజుల తరబడి చేసిన ప్రయాణం మేము కలకత్తా నుంచి విమానంలో రెండు గంటలలోపే చేశాము. వీసా మా మనవడు ఇంట్లో కూర్చుని కంప్యూటరులో తెప్పించాడు. దిగగానే గడియారం ఒక గంట ముందుకు తిప్పుకున్నాము.

మొదటిరోజే మా ఆవిడ, "ఇదేం పరదేశమండీ, అందరూ లుంగీలే కట్టారు!" అంది. నిజమే. ఆఫీసు గుమాస్తాలు కూడా లుంగీ, పైన చొక్కా, చేతిలో టిఫిను క్యారేజీ. లుంగీని వారు లోంజీ అంటారు. ఆడవారు, పిల్లలు బుగ్గలకు తనకా అనే చెక్క గంధం పూసుకుంటారు. సందుసందునా కిళ్ళీ బడ్డీలు. ఆ ఎర్రటి మరకలు చూస్తే మన బస్టాండు గుర్తొచ్చింది. అయితే బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి. 1970లో ప్రభుత్వం ఎడమనుంచి కుడికి మార్చింది, కానీ చాలా కార్లకు స్టీరింగు కూడా కుడివైపే. బస్సు దిగేటప్పుడు మనవాళ్ళు రోడ్డు మధ్యలోకి దిగబోతే గైడు గుండెలు బాదుకునేవాడు.

షేడగోన్ పగోడా దాదాపు 100 మీటర్ల ఎత్తు, పైనుంచి కిందిదాకా బంగారమే. ఎంతటివారైనా వట్టికాళ్ళతోనే ఎక్కాలి. చుట్టూ వారాల ప్రకారం బుద్ధ విగ్రహాలు ఉంటాయి. ఏ వారం పుట్టినవారు ఆ వారపు విగ్రహానికి నీళ్ళు పోయాలి. బుధవారాన్ని రెండు పూటలుగా విడదీసి మొత్తం ఎనిమిది చేశారు. నా సర్వీసు రిజిస్టరులో ఉన్న పుట్టినతేదీ బడిలో చేర్పించేటప్పుడు పంతులుగారు వేసినది. అసలు వారం మా అమ్మకే తెలియదు. మాలో నలుగురి పరిస్థితి ఇదే. అందుచేత మేము నలుగురమూ ఎనిమిది చోట్లా నీళ్ళు పోసి వచ్చాము.

ఢిల్లీ చివరి పాదుషా బహదూర్ షా సమాధి రంగూనులోనే ఉంది. 1858లో ఇంగ్లీషువారు ఆయన్ను ఇక్కడికి పంపారు, 1862లో పోయాడు. బర్మా చివరి రాజు తీబాను 1885లో పట్టుకుని మన రత్నగిరిలో ఉంచారు. ఆయన 1916లో అక్కడే పోయాడు. వాళ్ళ రాజు మన మట్టిలో, మన రాజు వాళ్ళ మట్టిలో.

మర్నాడు బగో వెళ్ళే దారిలో వరి కోసిన చేలలో పచ్చగా ఏదో పైరు కనిపించింది. దిగి చూస్తే మినుము! మన డెల్టాలో వరి కోశాక వేసినట్లే వేశారు. గైడు నవ్వుతూ, "మేము దీన్ని తినడం తక్కువ, మీ ఇడ్లీల కోసమే పండిస్తాము" అన్నాడు. 2017లో మన ప్రభుత్వం అపరాల దిగుమతిపై పరిమితి పెట్టినప్పుడు అక్కడి రైతులు బాగా నష్టపోయారట. మనకు మినప్పప్పు ధర తగ్గిందని సంతోషించాము గాని ఆ తగ్గుదల ఎవరి నెత్తిన పడిందో నాకు అంతవరకూ తెలియదు.

రేవు గట్టున

స్ట్రాండు రోడ్డు మీద నది ఒడ్డున చాలాసేపు నిలబడ్డాను. మా చిన్నతాత బస్తాలు మోసింది ఈ గట్టు మీదనో, పజండాంగ్ కాలువ పక్కనున్న రైసుమిల్లులలోనో. పాత దొరల కట్టడాలు పాచిపట్టి నిలబడి ఉన్నాయి. కూలీలు అప్పటికీ బస్తాలు వీపున మోస్తూనే ఉన్నారు. అందరూ బర్మావారే.

ఈ గట్టు మీద 1930 మే నెలలో జరిగినది మన పాఠ్యపుస్తకాలలో లేదు. తెలుగు రేవుకూలీలు జీతం పెంచమని సమ్మె కట్టారు. ఓడల కాంట్రాక్టర్లు బర్మా కూలీలను తెచ్చి పని నడిపించారు. తరువాత రాజీ కుదిరి మనవాళ్ళు పనిలోకి తిరిగి వచ్చేసరికి, బర్మావాళ్ళను ఇక పొమ్మన్నారు. మే 26 ఉదయం పనికోసం వచ్చిన రెండు పక్షాలవారూ ఎదురుపడ్డారు. మాటామాటా పెరిగి ఊరంతా అల్లర్లయ్యాయి. రోజుల తరబడి తెలుగువారిని వెతికి వెతికి కొట్టారు. ఎందరో చనిపోయారు.

చిన్నప్పుడు దీన్ని "బర్మావాళ్ళు మనవాళ్ళను చంపారు" అని మాత్రమే విన్నాను. అక్కడ నిలబడి ఆలోచిస్తే ఇంకో సంగతి కనిపించింది. ఆ ఊరు వారిది. బియ్యం వారిది. అప్పులిచ్చిన చెట్టియార్లకు పొలాలు పోగొట్టుకున్నదీ వారే. సొంత ఊళ్ళో రేవు పని కూడా తమకు దక్కకపోతే ఎవరికైనా కడుపు మండుతుంది. మనవాళ్ళది పొట్టకూటి బాధ, వారిదీ పొట్టకూటి బాధే. ఇద్దరికీ కూలి తక్కువ ఇచ్చినవాడు మాత్రం అల్లర్లలో ఎక్కడా కనిపించడు.

"కాగితాలు ఉన్నాయా?"

పాత ఇండియా పేటలో కాళికాలయం ఉంది. 1871లో తమిళులు కట్టించినది. దాని దగ్గర బజారులో మేము తెలుగులో మాట్లాడుకుంటూ పోతుంటే ఒక చిన్న కొట్టు అరుగు మీదనుంచి, "మీది ఏ ఊరు బాబూ?" అని వినిపించింది. తిరిగి చూస్తే బుగ్గలకు తనకా, ఒంటిమీద బర్మా రవికె, లోంజీ కట్టుకున్న ముసలమ్మ. ఎనభై దాటి ఉంటాయి. మాటలో మాత్రం ఉత్తరాంధ్ర యాస. 

"రాజమండ్రి వైపు అమ్మా. మీది?"

"మాది రంగమే బాబూ. ఈడే పుట్టినాను. మా అయ్యది గోదారి కాడ ఏదో ఊరంట. పేరు సెప్పీవోడు, నాను మర్సిపోనాను."

ఆమె తండ్రి గోదావరివాడు, తల్లి శ్రీకాకుళం వైపు మనిషి. 1942లో అందరూ పారిపోతుంటే తల్లి నిండు గర్భిణి కావడంతో వీరు కదలలేక ఉండిపోయారట. ఆమెకు ఒక తెలుగు పేరు, ఒక బర్మా పేరు. మనవలకు తెలుగు రాదు. అమ్మోరి పండుగకు మాత్రం నలుగురూ కలుస్తారట. తాళ్ళరేవు మనుషులెవరైనా తెలుసా అని మా చిన్నతాత పేరు చెప్పి అడిగాను. తెలియదంది. తెలిసి ఉంటుందని నేనూ అనుకోలేదు. అయినా అడగకుండా ఉండలేకపోయాను.

మాటల్లో, "ఇక్కడే పుట్టారుగా, మరి మీకు ఇక్కడి పౌరసత్వం కాగితాలు ఉన్నాయా?" అన్నాను. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది! ఆమె నవ్వి, "సగం ఉన్నాయి, సగం లేవు" అంది. 1982లో బర్మా ప్రభుత్వం చేసిన చట్టంలో పౌరులు మూడు తరగతులు. తాతముత్తాతలు ఎప్పుడు వచ్చారో రుజువు చూపలేనివారు కింది తరగతుల్లో పడతారు. రుజువే లేనివారు ఏ తరగతిలోనూ పడరు. అదే చట్టం కింద అరకాను వైపు లక్షలాదిమంది ఏ దేశంవారూ కాకుండా పోయిన సంగతి ఆ సంవత్సరం పత్రికలన్నీ రాస్తూనే ఉన్నాయి. గైడు ఆ ఊసెత్తితే మాట మార్చేవాడు.

మా ఆవిడ సంచిలోనుంచి ఆత్రేయపురం పూతరేకుల పొట్లం తీసి ఆమెకిచ్చింది. ముసలమ్మ ఒకటి విప్పి చూసి, "ఇదేటమ్మా, కాగితం తినమంటన్నారు?" అంది. అందరమూ నవ్వాము. తరువాత నోట్లో వేసుకుని చాలాసేపు మాట్లాడలేదు.

నేను వేసిన కొర్రీ

ఆ రాత్రి హోటలులో నాకు నిద్ర పట్టలేదు. ఆమె "సగం ఉన్నాయి" అన్న మాట దగ్గర నాకు 1969 నాటి ఒక ఫైలు గుర్తొచ్చింది. ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి. మనవాళ్ళందరూ ఆఫీసులలో పనిచేసినవారే గనుక ఇక్కడ చెప్పవచ్చునని రాస్తున్నాను.

1962 మార్చి 2న బర్మాలో జనరల్ నెవిన్ అధికారం పట్టాడు. తరువాత రెండేళ్ళలో కొట్లు, మిల్లులు, బ్యాంకులు జాతీయం చేశాడు. 1964లో యాభై, వంద చ్యాట్ల నోట్లు చెల్లవన్నాడు. తరాలుగా ఉన్న భారతీయులు కట్టుబట్టలతో ఓడలెక్కారు. ఆ కాందిశీకులకు మన ప్రభుత్వం చిన్న వ్యాపారాలకు అప్పులు, ఇళ్ళస్థలాలు మంజూరు చేసేది. వారి కోసమే 1969లో మద్రాసులో రెప్కో బ్యాంకు కూడా పెట్టారు.

అప్పుడు నేను ఒక కచేరీలో కొత్తగా చేరిన లోయరు డివిజను గుమాస్తాను. నలభై అయిదేళ్ళ కాందిశీకుడొకడు సోడాల దుకాణం పెట్టుకోవడానికి అప్పు దరఖాస్తు తెచ్చాడు. అతని బర్మా కాగితంలో తండ్రి పేరు ఒక రకంగా, ఇక్కడి ధ్రువపత్రంలో మరొక రకంగా ఉంది. ఓడరేవులో ఎవరో బర్మా గుమాస్తా చెవికి వినబడినట్లు రాసిన పేరు అది. నాకు తెలియకపోలేదు. అయినా "పేర్లలో వ్యత్యాసమునకు సంజాయిషీ కోరవలెను" అని కొర్రీ వేశాను. రూలు ప్రకారం తప్పు కాదు. అతను మూడుసార్లు వచ్చాడు. మూడోసారి నా బల్ల దగ్గర నిలబడి, "బాబుగారూ, నేను పజండాంగ్ మిల్లులో పుట్టి పెరిగినవాణ్ణి. మీ తాళ్ళరేవువాళ్ళు ఎంతమందో మాతో ఉండేవారు. మా నాన్నను ఎరిగినవాళ్ళు ఆ ఊళ్ళలో ఉంటారు, వారిచేత రాయించి తెమ్మంటారా?" అని అడిగాడు. గెజిటెడు అధికారి సంతకమే కావాలన్నాను. నాలుగోసారి అతను రాలేదు. "దరఖాస్తుదారు హాజరు కానందున ఫైలు ముగించడమైనది" అని రాసింది నేనే.

మిత్రులారా, ఆ రోజు మా చిన్నమామ్మ బతికే ఉంది. బొట్టు పెట్టుకుని అరుగు మీద కూర్చునే ఉంది. పజండాంగ్‌లో తాళ్ళరేవువాళ్ళతో ఉన్న మనిషి నా బల్ల ముందు నిలబడితే, "అయ్యా, ఫలానా ఆయన్ని ఎరుగుదువా?" అని ఒక్క ప్రశ్న అడగాలని నాకు తోచలేదు. అతను ఎరిగి ఉండేవాడని చెప్పలేను. కాని అడగవలసినవాణ్ణి నేనే. నాకు అప్పుడు అతని చేతిలోని కాగితం కనిపించింది గాని మనిషి కనిపించలేదు.

టౌక్యాన్ రాళ్ళు

బగో దారిలోనే టౌక్యాన్ దగ్గర రెండో ప్రపంచయుద్ధపు సైనిక శ్మశానం ఉంది. ఆరువేలకు పైగా సమాధులు. మధ్యనున్న స్తంభాల మీద, దేహం దొరకని సైనికుల పేర్లు 27 వేలకు దగ్గరగా చెక్కారు. ఎక్కువమంది భారతీయులే. స్తంభం వెంట స్తంభం చదువుతూ వెళ్ళాను. దక్షిణాది పేర్లు కూడా కనిపించాయి. ఒక్క ఆకు కూడా రాలి లేదు, అంత శుభ్రం.

జపానువారు 1941 డిసెంబరు 23న రంగూను మీద బాంబులు వేశారు. 1942 మార్చి మొదటివారం గడిచేసరికి రంగూను వారి చేతిలో పడింది. ఏప్రిల్ 6న మన విశాఖపట్నం, కాకినాడల మీదా బాంబులు పడ్డాయి. ఓడలు లేవు. దొరలకూ, డబ్బున్నవారికీ దారి దొరికింది. నాలుగైదు లక్షలమంది భారతీయులు నడక మొదలుపెట్టారు. కొందరు టౌంగప్ కనుమ దాటి అరకాను మీదుగా చిట్టగాంగుకు, కొందరు తాము మీదుగా మణిపురానికి, కొందరు హుకాంగ్ లోయ గుండా అస్సాముకు. కలరా, మలేరియా, ఆకలి. వేలాదిమంది దారిలోనే రాలిపోయారు. దారిలో కూడా తెల్లవారికి ఒక బాట, నల్లవారికి ఒక బాట అని అప్పట్లో పెద్ద గొడవ అయింది. బర్మా బియ్యం ఆగిపోవడం 1943 బెంగాలు కరువుకు ఒక కారణమైంది.

సైనికుడికి రోలు నంబరు ఉంటుంది, పేరు ఉంటుంది, చనిపోతే రాయి ఉంటుంది. ఇది న్యాయమే. కాని ఆ సైన్యానికి బియ్యం మోసిన కూలీకి మేస్త్రీ చీటీ తప్ప ఏ రిజిస్టరూ లేదు. అడవిలో పడినవాడి పేరు రాసుకున్న గుమాస్తా లేడు. మా చిన్నతాత ఏ దారిన నడిచాడో, అసలు నడిచాడో లేదో చెప్పే కాగితం ఈ భూమ్మీద లేదు. ఆ స్తంభం దగ్గర మా ఆవిడ ఒక పువ్వు పెట్టి, "ఎక్కడో ఒకచోట పెట్టాలి కదండీ" అంది.

మాండలే, పగాన్

తరువాత మాండలే వెళ్ళాము. తిలక్ మహాశయుడు 1908 నుంచి 1914 దాకా ఖైదులో ఉండి గీతారహస్యం రాసినది ఈ ఊరి జైలులోనే. మిండన్ రాజు త్రిపిటకాలను 729 చలువరాతి పలకల మీద చెక్కించి, ఒక్కొక్క పలకకు ఒక్కొక్క గుడి కట్టించిన కుతోడా అనే చోటు ఉంది. నా మట్టుకు నాకు బంగారు పగోడాలకన్నా ఇదే నచ్చింది. రికార్డు భద్రపరచడమంటే అదీ!

పగాన్‌లో వేల ఆలయాల మధ్య ఒక విష్ణ్వాలయం కూడా ఉంది. బర్మాతో మన సంబంధం కోరంగీలతో మొదలైనది కాదు. పగాన్‌కన్నా ముందు ప్యూ జాతివారు కట్టిన నగరాలలో ఒకదాని పేరు బెయిక్తనో, అంటే విష్ణుపురం. అక్కడి ఇటుక కట్టడాలకూ మన నాగార్జునకొండ కట్టడాలకూ పోలికలున్నాయని పురావస్తువారు రాశారు. శ్రీక్షేత్రంలో దొరికిన బంగారు రేకుల మీది పాళీ రాత దక్షిణ దేశపు లిపికి దగ్గరది. గుంటుపల్లి, ఆదుర్రు స్తూపాలున్న మన తీరం నుంచి భిక్షువులూ, వర్తకులూ వెళ్ళి ఉంటారు. వారు వెళ్ళినప్పుడు ధర్మం తీసుకువెళ్ళారు. మా చిన్నతాతలాంటివారు వెళ్ళినప్పుడు భుజం మాత్రమే తీసుకువెళ్ళారు. తేడా వెళ్ళినవాడిలో లేదు, ఎవరు పంపారన్నదానిలో ఉంది.

సగయింగ్ దగ్గర ఐరావతి మీద 1934లో కట్టిన ఆవా వంతెన దాటుతుంటే మనవాళ్ళంతా ఒక్కసారిగా "మన హేవలాక్ వంతెన!" అన్నారు. 1942లో పారిపోతూ ఇంగ్లీషువారే దానిలో రెండు ఖానాలు పేల్చేశారు. 1954లో మళ్ళీ కట్టారు.

ముగింపు

మేము వచ్చిన మూడేళ్ళకు, 2021 ఫిబ్రవరి 1న, అక్కడ సైన్యం మళ్ళీ అధికారం పట్టింది. ఆనాటినుంచి అంతర్యుద్ధం. 2025 మార్చి 28న వచ్చిన భూకంపంలో మేము దాటిన ఆవా వంతెన కూలిపోయింది. టీవీలో ఆ దృశ్యం చూసి మా బృందంలో ఇప్పటికి మిగిలిన పదమూడు మందిమి ఒకరికొకరం ఫోన్లు చేసుకున్నాము. ఆ కొట్టు ముసలమ్మ ఏమైందో తెలియదు. ఆమె చిరునామా రాసుకోవాలని కూడా నాకు తోచలేదు. రెండోసారి కూడా అదే తప్పు చేశాను.

అందుచేత సభ్యులకు ఒక మనవి. మనలో చాలామంది ఇళ్ళలో రంగం వెళ్ళినవారున్నారు. అటకమీద పెట్టె, మనియార్డరు రసీదు, మామ్మ చెప్పిన ఒక మాట ఏదో ఒకటి ఉంటుంది. మన తరం పోతే అవి చెత్తబుట్టలోకి పోతాయి. ప్రభుత్వం రాయని రిజిస్టరు మనం రాయవచ్చు. మనకు చేతనైన పని అదొక్కటే కదా! రెండువందల పేజీల లాంగు బుక్కు ఒకటి కొని, గళ్ళు గీసి మన సంఘం ఆఫీసు బల్లమీద పెట్టాను. పేరు, ఊరు, వెళ్ళిన సంవత్సరం, చేసిన పని, వచ్చిన సంవత్సరం, చెప్పినవారి పేరు. రుజువు కాగితాలు అవసరం లేదు. కొర్రీలు వేయబడవు.

మొదటి వరుసలో మా చిన్నతాత పేరు రాశాను. రెండో వరుసలో ఆ కాందిశీకుడిది. అతని ఇంటిపేరు ఒక్కటే గుర్తుంది, తండ్రి పేరు రెండు రకాలుగానూ రాశాను. మా చిన్నతాత వరుసలో వచ్చిన సంవత్సరం గడి ఖాళీగా వదిలాను. చిన్నమామ్మ ఉంటే అలాగే వదలమనేది.

మూడో వరుస మీకోసం ఖాళీగా ఉంది. సెలవు.